దుప్పటికి అవతలి మనిషి

జనవరి 9

అమ్మాయికి మావయ్య ఆశీస్సులు.

నా చేతిరాత చూసి నవ్వుకోకు. పల్లెటూరి బడిలో నేర్చిన నాలుగు అక్షరాలు, అందులోనూ సగం మరిచాను. తప్పులుంటే దిద్దుకుని చదువుకో. మంచం మీద ఒరిగి రాస్తున్నాను కనక వరసలు పైకి పోతున్నాయి. ఫోన్ చేయొచ్చుగా అంటుంది మీ అమ్మ. ఫోన్‌లో నాకు మాట పెగలదు. మొహం కనబడని మనిషితో ఏం మాట్లాడాలో తెలియదు. కాగితమైతే నేను ఆలోచించుకునే దాకా ఆగుతుంది.

విరిగిన కాలు అతుక్కుంటోందట. ఇంకా కొన్నాళ్ళు మెట్లు దిగొద్దన్నాడు డాక్టరు. మీ అమ్మ కాపలా. "ఇంతకాలం అందరినీ నిలబెట్టావు, ఇప్పుడు నువ్వు పడుకోరా" అంటుంది. ఇంత వయసొచ్చినా అక్క అక్కే.

లాండ్రీ నీ చేతిలో పెట్టి వచ్చాను. నాకు భయం లేదు. కానీ పొద్దున గంట కొట్టే వేళకి మెలకువ వచ్చేస్తుంది. లేచి కూర్చుంటాను. ఇక్కడ కొట్టడానికి గంట లేదు. మళ్ళీ పడుకుంటాను.

ఇస్త్రీ రోలరు చప్పుడు తగ్గిందా? ఆసుపత్రి దుప్పట్లు వేళకి వెళ్తున్నాయా? జతలు ఎలా ఉన్నాయి? ఇవి రాయి చాలు.

మడతక్కని అడిగానని చెప్పు. ఆమెతో నేనెప్పుడూ నాలుగు మాటలు మాట్లాడింది లేదు. అయినా తలుపు తీయగానే ఆమె దుప్పట్లు మడిచే తన చోట నిలబడి కనబడితే, ఇవాళ పని జరుగుతుంది అని ధైర్యం నాకు.

మీ మావయ్య


జనవరి 18

మావయ్యకి నమస్కారాలు.

మీ రాతకేం, ముత్యాల్లా ఉంది. కంప్యూటర్ చేతికొచ్చాక నాదే కోడి కెలికినట్టు తయారైంది.

రోలరు బాగు చేయించాను. ఇప్పుడు చప్పుడు లేదు. దాంతో కొత్త చిక్కు వచ్చింది. ఇన్నాళ్ళూ మనవాళ్ళు ఏం మాట్లాడుకుంటున్నారో మనకి వినబడేది కాదు. ఇప్పుడు వినబడుతోంది.

ఆసుపత్రి దుప్పట్లు ఆలస్యమవుతున్నాయి. మనుషులు చాలడం లేదు. మంచి పనిమంతులైన ముగ్గురు ఆడపిల్లలు మానేశారు. ఒకామె ఇంటింటికీ సామాన్లు చేరవేసే పనిలో చేరింది. "ఎండలో తిరగాలి కదే" అన్నాను. "తిరిగినా నాకు కుదిరిన వేళకి తిరుగుతానక్కా" అంది. కొత్తవాళ్ళు వస్తున్నారు. మేస్త్రి గేటు దగ్గరే గంట సంగతీ జత సంగతీ చెప్తాడు. మర్నాడు రారు.

మావయ్యా, మీ నియమం మీద మీకెంత నమ్మకమో నాకు తెలుసు. దుప్పటికి ఇద్దరు మనుషులు. ఒకరు రాకపోతే రెండోవాళ్ళని కూడా ఇంటికి పంపేస్తారు. ఇద్దరికీ ఆ రోజు జీతం లేదు. పక్కమనిషి రోజు పోతుందని ఎవరూ నాగా పెట్టరన్నది మీ ఆలోచన. నిజమే, ఎవరూ పెట్టలేదు. ఎలా పెట్టకుండా ఉన్నారో మనం అడగలేదు.

నేను అడిగాను. ఒక్కొక్కరినీ ఆఫీసు గదిలో కూర్చోబెట్టి, "ఇక్కడ నీకేది కష్టంగా ఉంది?" అన్నాను. అందరూ "ఏం లేదమ్మా" అన్నారు. టీ తెప్పించి మళ్ళీ అడిగాను. అప్పుడు బయటికొచ్చింది. ఒళ్ళు కాలిపోతున్నా వచ్చినవాళ్ళున్నారు. బిడ్డని ఇంట్లో పెట్టి బయట తాళం వేసి వచ్చినామె ఉంది. మడతక్కకి జతగా ఉంటుందే, ఆ పొడుగమ్మాయి, వాళ్ళ నాన్నకి డయాలసిస్ చేయించాలి. తెల్లారకుండానే ఆయన్ని ఆసుపత్రి వరండాలో కూర్చోబెట్టి గంట కొట్టే వేళకి పరిగెత్తి వచ్చేదట. "ఆయన్ని లోపలికి ఎవరు తీసుకెళ్తారే?" అంటే, "ఎవరో ఒకరు తీసుకెళ్తారులెండి, మా నాన్న మంచివాడు" అని నవ్వింది.

అందుకని ఆ నియమం తీసేశాను. ఎవరికి ఏ పూట కుదురుతుందో వారం ముందే చెప్తారు. మీకు కోపం వస్తుందని తెలిసే దాచకుండా రాస్తున్నాను.

అమ్మ చెప్పినట్టు వినండి.

మీ మేనకోడలు


జనవరి 26

అమ్మాయికి,

కోపం రాలేదు. కాస్త కలుక్కుమంది, అంతే.

కూర్చోబెట్టి అడిగితే కష్టం లేనిది ఎవరికి? నన్నెవరూ అడగలేదు. నేనూ ఎవరినీ అడగలేదు. పని జరిగింది.

జత అంటే ఏమిటో నీకు తెలియదు. పొడుగూ పొట్టీ చూసి కట్టేది కాదు. ఇద్దరూ చెరో రెండు మూలలు పట్టుకుని దుప్పటి విదిలించాలి, ఎదురెదురు నడిచి మూలలు కలపాలి. మాట ఉండదు. కళ్ళతోనే. కుళాయి దగ్గర జుట్లు పట్టుకున్న ఇద్దరిని తెచ్చి ఒకసారి జత కట్టాను. వద్దు బాబోయ్ అన్నాడు మేస్త్రి. దుప్పటి పట్టుకుని తిట్టుకోవడం కుదరదు, తిడితే అంచు వంకరపోతుంది. ఇప్పుడు వాళ్ళు వియ్యపురాళ్ళు. ఇంకా పోట్లాడుకుంటారు, కానీ ఇంటికి వెళ్ళాక.

పొడుగమ్మాయి తండ్రి సంగతి నాకు తెలియదు. ఆ పిల్ల చెప్పలేదు. ఇది చదివి మీ అమ్మ, "చెప్తే నువ్వేం చేసేవాడివి?" అంది. టీ చల్లారిపోతోందని చెప్పి కప్పు అందుకున్నాను.

పూటలంటున్నావు. పొడుగమ్మాయి సాయంత్రం పూట వస్తే పొద్దున్న మడతక్కకి ఎదురు ఎవరు నిలబడతారు? అది రాయి.

మావయ్య


ఫిబ్రవరి 4

మావయ్యకి నమస్కారాలు.

మీరు అడిగినదానికి జవాబు. గోడకి ఒక చెక్క పట్టీ కొట్టించి, దానికి గట్టి క్లిప్పులు పెట్టించాం. రెండు మూలలు క్లిప్పులకి తగిలిస్తే ఒక్క మనిషే మడత పెట్టొచ్చు. కాస్త నిదానం. కానీ ఎవరు రాకపోయినా ఇంకొకరి రోజు పోదు. మేస్త్రికి నచ్చలేదు. "ఆడపిల్లల చేత గోడతో కాపరం చేయిస్తున్నారమ్మా" అని మూతి ముడుచుకున్నాడు.

పెద్ద వయసువాళ్ళకి స్టూళ్ళు తెప్పించాను. మొదటిరోజు ఎవరూ కూర్చోలేదు. అందరూ మీ గది తలుపు వైపు చూస్తున్నారు. మీరు లేరని తెలిసి కూడా! చివరికి నేనే ఒక స్టూలు మీద కూర్చుని లెక్కలు చూసుకున్నాను. అప్పుడు ఒకామె వచ్చి అంచు మీద కూర్చుంది, బస్సులో తెలియనివాళ్ళ పక్కన కూర్చున్నట్టు.

మడతక్కని కిటికీ పక్కకి మార్చాను. అక్కడ బల్ల వేసి చిరిగిన అంచులు కుట్టే పని ఇచ్చాను. మీరు ఏమైనా అనుకుంటారేమోనని ముందే చెప్తున్నాను, ఊరికే చేయలేదు. కారణం ఉంది. మీరు వచ్చాక చెప్తాను.

ఆసుపత్రి దుప్పట్లు ఈ వారం ఒక్కరోజు కూడా ఆలస్యం కాలేదు.

మీ మేనకోడలు


ఫిబ్రవరి 11

అమ్మాయికి,

కిటికీ పక్క అని రాశావు. అక్కడ చదవడం ఆపేశాను.

ఆ చోటు నాకు తెలుసు. ఇక చాలు అనుకున్న మనిషిని నేను అక్కడే కూర్చోబెట్టేవాణ్ణి. మానెయ్యమని నా నోటితో చెప్పలేను. సిగ్గు. కిటికీ పక్కన పెట్టి, పని తగ్గిస్తూ పోయేవాణ్ణి. కొన్నాళ్ళకి వాళ్ళే రావడం మానేసేవాళ్ళు. ఆ సంగతి లాండ్రీలో అందరికీ తెలుసు. నువ్వు చిన్నదానివి, నీకు తెలియకపోవచ్చు. మడతక్కకి తెలుసు.

నిన్న మేస్త్రి నన్ను చూడ్డానికి వచ్చాడు. మడతక్క ఎలా ఉందన్నాను. "తలెత్తడం లేదండి. ఎవరితోనూ మాట్లాడ్డం లేదు. చూస్తే నాకే ఏదోలా ఉంది" అన్నాడు. అంతకాలం నిలబడ్డ మనిషికి మనం చూపించే మర్యాద ఇదా.

మేస్త్రితో ఎక్కువేం అనలేదు. ఆమె తన చోటే నిలబడాలి, జతలు పాతట్టే ఉండాలి అన్నాను. దాచడం ఎందుకని నీకూ రాస్తున్నాను. నీ మీద కోపం లేదు. నువ్వు కొత్త. ఒక్కోసారి పెద్దవాళ్ళు చెప్పాల్సి వస్తుంది.

ఆమెకి న్యాయం చేశానని ఇవాళ మనసు తేలిగ్గా ఉంది. కర్ర పట్టుకుని వరండా చివరిదాకా నడిచాను.

మావయ్య


ఫిబ్రవరి 20

మావయ్యకి,

మీ ఉత్తరం బల్ల మీద ఉంది. నేను మడతక్కని ఆసుపత్రిలో చూసి వచ్చాక చదివాను.

కొత్త హోటలువాళ్ళతో మాట్లాడటానికి నేను పొరుగూరు వెళ్ళాను. ఆ మధ్యలో మేస్త్రి పని కానిచ్చేశాడు. క్లిప్పులు ఊడదీశాడు. స్టూళ్ళు వరండాలో పేర్చాడు. గంట కొట్టి, "పెద్దాయన మాట. జతలు పాతట్టే. రూలూ పాతట్టే" అన్నాడట. నన్నెవరూ అడగలేదు. మీ మాట వచ్చాక నన్ను అడిగేదేముంది.

ఆ కారణం ఇప్పుడు చెప్తాను. మడతక్క ఒకరోజు ఆఫీసు గదిలోకి వచ్చి తలుపు వేసింది. "నా చెయ్యి భుజం దాటి లేవడం లేదమ్మా. పొడుగమ్మాయి నా వైపు కూడా తనే ఎత్తి నెట్టుకొస్తోంది. నన్ను ఎక్కడైనా కూర్చోబెట్టు" అంది. కిటికీ పక్క చోటు ఆమే అడిగింది, వెలుతురుంటుందని. "ఎవరికీ చెప్పకు. పెద్దాయనకి అసలు చెప్పకు" అని నా చెయ్యి పట్టుకుంది. అందుకే మీకు రాయలేదు. తలెత్తలేదంటే సూదిలో కన్ను పెట్టి ఉంది కాబట్టి. మాట్లాడలేదంటే, మావయ్యా, ఆమె ఎప్పుడు మాట్లాడింది?

ఆ పొద్దున ఏం జరిగిందో పొడుగమ్మాయి చెప్పింది.

"నువ్వు కూర్చో అక్కా. నేను ఇంటికి పోతాను" అందట ఈ పిల్ల.

"పోతే నీ రోజు పోతుంది. మీ నాన్న మందులకి ఎవరిస్తారు?"

"ఎవరో ఒకరు ఇస్తారులే."

"ఎవరో ఒకరు అంటూ ఉండు. పట్టుకో అంచు" అని మడతక్క నిలబడిందట.

తన కోసం కాదు మావయ్యా. తను నిలబడకపోతే అవతలి మనిషిని ఇంటికి పంపేస్తారని నిలబడింది. మీ నియమం బాగా పనిచేసింది.

కొన్ని దుప్పట్లు అయ్యాయట. తరవాత ఒకటి విదిలించినప్పుడు టప్పుమని వినబడిందట. దుప్పటి చప్పుడే అనుకున్నారందరూ. మడతక్క అంచు వదల్లేదట. వదలకుండానే కూలబడింది.

భుజంలో నరం తెగిందన్నారు. ఆపరేషన్ చేశారు. ఇక ఆ చెయ్యి పైకి లేవదట. పొడుగమ్మాయి ఆ రోజే వెళ్ళిపోయింది. పోతూ గంట తాడు తెంపి మేస్త్రి చేతిలో పెట్టింది.

"లాండ్రీ నీదే అనుకో" అన్నారు మీరు వెళ్ళేటప్పుడు. నెలాఖరు దాకా ఉంటాను. తరవాత తాళాలు మేస్త్రికి ఇస్తాను. కాలు బాగయ్యాక వచ్చి మీరే నడుపుకోండి.


ఫిబ్రవరి 25

అమ్మాయికి,

కింద సంతకం కూడా లేకుండా వచ్చింది నీ ఉత్తరం. మీ అమ్మ చేత చదివించుకున్నాను. సగంలో ఆపి, "మిగతాది నువ్వే చదువుకోరా" అని కాగితం నా ఒళ్ళో వేసి వంటింట్లోకి వెళ్ళిపోయింది. వేళకి కంచం పెడుతోంది. మాట లేదు.

రెండు కాగితాలు చింపాను.

న్యాయం చేశానని రాశాను చూశావా. వరండాలో నడిచానని కూడా రాశాను. నేను నడుస్తున్న వేళకి ఆమె నిలబడి ఉంటుంది. తలుచుకుంటే తల కొట్టేసినట్టుంది.

పెద్దాయనకి అసలు చెప్పకు అందా. ఆ మాట దగ్గరే తిరుగుతున్నాను. చెయ్యి లేవడం లేదన్న సంగతి నిన్న వచ్చిన నీకు చెప్పింది. రోజూ చూసే నాకు దాచింది. దాచక ఏం చేస్తుంది. నాకు తెలిస్తే నేను ఆమెని ఎక్కడ కూర్చోబెడతానో ఆమెకి తెలుసు. కిటికీ తనే అడిగిందంటే, ఆ చోటికి ఉన్న చెడ్డపేరుని కూడా ఓర్చుకుని అడిగిందన్నమాట. నేను అదీ దక్కనివ్వలేదు.

ఇక్కడి నుంచి వచ్చి ఆమె ముందు నిలబడి తప్పైపోయింది అందామనుకున్నాను. కాలు సంగతి సరే. నేను వెళ్తే ఆ నొప్పితోనే లేచి నిలబడుతుంది. కూర్చోమన్నా కూర్చోదు. అది నేను నేర్పిందే.

ఆమె జీతం ఆగకూడదు. ఇది ఆర్డరు కాదు, బతిమాలుతున్నాను. మేస్త్రికి ఒక కాగితం రాశాను. ఇకమీదట లాండ్రీలో నా మాట లేదు, అమ్మాయిగారి మాటే, నేను మళ్ళీ ఏదైనా చెప్పినా వినొద్దు అని. అందరూ చూసేలా గంట కింద అంటించమన్నాను. అతన్ని తిట్టకు. అతను నా మాట విన్నాడు, అంతే.

తాళాలు ఇవ్వకు.

మావయ్య


మార్చి 7

మావయ్యకి,

మీ కాగితం గంట కింద చూశాను. తాడు లేని గంట, దాని కింద మీ రాత. తాళాలు ప్రస్తుతానికి నా దగ్గరే ఉన్నాయి.

క్లిప్పులు మేస్త్రే మళ్ళీ బిగించాడు. నేను చెప్పలేదు. స్టూళ్ళు తుడిచి లోపల పెట్టాడు. ఒకటి తన కోసం కూడా వేసుకున్నాడు కానీ ఇంకా కూర్చోలేదు, చెయ్యి ఆనించి నిలబడుతున్నాడు. పొడుగమ్మాయి ఇంటికి వెళ్ళాను. వాళ్ళ నాన్న నిజంగానే మంచివాడు, తన కుర్చీ నాకిచ్చి మంచం అంచున కూర్చున్నాడు. ఈ పిల్ల మాత్రం గుమ్మంలోనే నిలబెట్టినట్టు మాట్లాడింది. "మళ్ళీ ఇంకెవరో వచ్చి ఇంకో మాట అంటే?" అంది. అడగకుండా ఎవరి చోటూ, ఎవరి వేళా మార్చం అని చెప్పాను. ఆలోచించి సాయంత్రం పూటకి వస్తోంది.

మడతక్క ఇంటికి చేరింది. జీతం ఆపలేదు, ఆపను కూడా. చెయ్యి మెడకి కట్టుంది. వేళ్ళు ఆడుతున్నాయి. బట్ట ఒడిలో పెట్టుకుని మంచి చేత్తో కుట్టగలదు, ఈ చేత్తో బట్ట పట్టి లాగలేదు.

మీ సంగతి అంతా చెప్పాను. చెప్పొద్దనుకున్నాను, చెప్పేశాను. మెడకున్న కట్టు సర్దుకుంది. తరవాత అంది, "పెద్దాయన నా తరఫున మాట్లాడాడా? నా తరఫున ఎవరైనా మాట్లాడటం ఇదే మొదలు తల్లీ." కళ్ళు తుడుచుకుంది. ఆ వెంటనే, "ఆ మాటేదో నన్నడిగి మాట్లాడుంటే బాగుండేది" అని నవ్వింది. ఆవిడ నవ్వడం మీరెప్పుడైనా చూశారా? నేను చూడలేదు.

పనికి మాత్రం రానంటోంది. డబ్బు గురించి కాదు. "ఆ కిటికీ దగ్గర ఒక్కదాన్నే కూర్చుంటే అందరూ నా వైపు ఎలా చూస్తారో నీకు తెలియదు. పోయినవాళ్ళని చూసినట్టు చూస్తారు. ఇంట్లోనే ఉంటాను" అంది. పక్కన ఇంకెవరినైనా కూర్చోబెడదామని లాండ్రీలో అడిగాను. అక్కడి వెలుతురు బాగుంటుందంటారు, గాలి వస్తుందంటారు, మళ్ళీ తలలు దించుకుంటారు. ఆ కిటికీ అంటే ఇంకా భయమే.

ఏం చేయాలో నాకు తోచడం లేదు. మిమ్మల్ని నిందించడానికి రాయలేదు. నిజంగానే తోచడం లేదు.

మీ మేనకోడలు


మార్చి 14

అమ్మాయికి మావయ్య ఆశీస్సులు.

నీ సంతకం చూసి ఊపిరి పీల్చుకున్నాను. తాళాలు నీ దగ్గరే ఉన్నాయన్న వరస మీ అమ్మకి చూపించాను. మాట్లాడింది. "బతికావు" అంది.

ఆ కిటికీకి భయం పెట్టినవాణ్ణి నేను. అది నువ్వు వదిలించలేవు. అక్కడ కూర్చుని వెళ్ళిపోయినవాళ్ళ మొహాలు ఈ మధ్య రోజూ కనబడుతున్నాయి. వాళ్ళకి ఇప్పుడు చేయగలిగింది ఏమీ లేదు. మడతక్క ఉంది కదా అని రాస్తున్నాను.

నా కాలు ఇక ఎక్కువసేపు నిలబడనివ్వదట. నిలబడలేనివాణ్ణి నేను ఎక్కడ కూర్చోబెట్టేవాణ్ణో నీకు తెలుసు. నన్నూ అక్కడే కూర్చోబెట్టు.

ఎగతాళికి అనడం లేదు. నా గదిలో కూర్చుంటే ఎవరికీ ఉపయోగం లేదు. కిటికీ పక్కన రెండో కుర్చీ వేయించు. నాకు కుట్టడం రాదు. ఎదురుగా కూర్చుని బట్ట పట్టుకుని, ఆమె కుట్టిన కొద్దీ లాగగలను. దుప్పటికి అవతలి మనిషి కావాలని నేనే అన్నాను కదా. ఇంతకాలం అవతల నిలబడమని అందరికీ చెప్పాను కానీ, నేనెప్పుడూ ఒక అంచు పట్టుకోలేదు. సరిగ్గా పట్టుకోకపోతే ఆమె చెప్తుంది. చెప్పకపోతే పొడుగమ్మాయి చెప్తుందిలే.

నేను అక్కడ కూర్చుంటే మిగతావాళ్ళకి ఆ చోటంటే భయం పోతుందో, నన్ను చూసి ఇంకా పెరుగుతుందో నాకు తెలియదు. మీ అమ్మ మాత్రం, "ముందు నువ్వు కూర్చోవడం నేర్చుకో" అంది.

అయితే ఇది నేను చెప్పేది కాదు. అడుగుతున్నాను. ముందు నువ్వు సరే అనాలి. తరవాత ఆమెని అడగాలి. నా పేరు చెప్పి అడిగితే కాదనలేక సరే అంటుంది. అందుకని ముందు టీ ఇవ్వు. ఒకసారి ఏం లేదమ్మా అంటే ఊరుకోకుండా, మళ్ళీ అడుగు. నా ఎదురుగా కూర్చోవడం కష్టంగా ఉంటుందంటే, అదే నిజమని నమ్మి నాకు అలాగే రాసెయ్యి. నేను ఇక్కడే ఉంటాను. నొచ్చుకోను. నొచ్చుకున్నా నీకు రాయను.

సరే అంటే, కుర్చీ ఏ వైపు వేయాలో కూడా ఆమెనే అడుగు. వెలుతురు ఆమె వైపు ఉండాలి.

వరండా చివర కూర్చుంటే పోస్టుమ్యాన్ వచ్చే దారి కనబడుతుంది. పొద్దున్నే లేచి అక్కడికే వెళ్తున్నాను. ఆమె ఏమన్నా సరే, అన్నది అన్నట్టు త్వరగా రాయి.

మీ మావయ్య